ఉప్పుగాలిలో ఇరవై ఏళ్లు: గోదావరి డెల్టాలో బండిని నిలబెట్టుకునే పద్ధతి

మన డెల్టాలో బండిని ముసలిదాన్ని చేసేది కిలోమీటర్లు కాదండి, తేమ. హైదరాబాద్‌లో రోజూ ట్రాఫిక్‌లో నలిగే బండినీ, రాజోలులో ఇంటి నుంచి చేలోకీ చేలోంచి సెంటర్‌కీ తిరిగే బండినీ పదేళ్ల తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానికి క్లచ్ ప్లేట్లు, రింగులు అరిగి ఉంటాయి. రెండోదానికి ఇంజన్ గట్టిగానే ఉంటుంది, కానీ సైలెన్సర్ అడుగున చిల్లు, రిమ్ముల అంచుల్లో తుప్పు, వైర్ల జాయింట్లలో పచ్చటి పొడి, ట్యాంకు అడుగున ఎర్రటి మడ్డి కనిపిస్తాయి. కంపెనీ పుస్తకంలో సర్వీసు కిలోమీటర్లతో పాటు నెలల లెక్కన కూడా రాసి ఉంటుంది, ఆ రెండో లెక్క ఎవరూ చూడరు. తక్కువ తిరుగుతోంది కదా, ఏమీ అక్కర్లేదు అనుకుంటాం. ఇక్కడ తక్కువ తిరిగే బండే ముందు పాడవుతుంది.

ఇది ముఖ్యంగా 100 నుంచి 150 సీసీ బండ్ల గురించి, అంటే మన ఊళ్లలో ఇంటికొకటి ఉండేవాటి గురించి. హీరో హోండా సీడీ 100 1985లో వచ్చింది, స్ప్లెండర్ 1994లో వచ్చింది. యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయినా దాన్ని ప్రాణంలా చూసుకునేవాళ్లు భీమవరంలోనూ పాలకొల్లులోనూ ఇంకా ఉన్నారు. పాత బండ్లు అంతకాలం నిలిచాయంటే వాటి వెనక ఒక పద్ధతి ఉంది, దాన్ని చూసుకునే నలుగురు మనుషులున్నారు. ఆ రెండూ ఎలా ఏర్పరచుకోవాలో వరసగా చెప్తాను.

1. కాలవల లెక్కన క్యాలెండర్ పెట్టుకోండి

ఏటా దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా, బండికి పెద్ద పని చేయించాల్సింది అప్పుడే. ఎండ గట్టిగా ఉంటుంది, రంగు వేస్తే ఆరుతుంది, విప్పిన సామాను ఎండలో పెట్టొచ్చు. చక్రాల బేరింగులు, హ్యాండిల్ తిరిగేచోట బేరింగులైన కోన్ సెట్, వెనక స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, బ్రేక్ డ్రమ్ములు ఇవన్నీ విప్పి గ్రీజు పెట్టించండి. బ్యాటరీ పెట్టె కింద, మెయిన్ స్టాండు వెల్డింగు దగ్గర, మడ్‌గార్డు లోపలి వైపు తుప్పు మొదలైతే వైర్ బ్రష్‌తో గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టి, అది పూర్తిగా ఆరాక రంగు వేయించండి. చిన్న పనే, కానీ ఛాసిస్ ఏళ్ల తరబడి ఎక్కువ బతుకుతుంది.

రెండో పని ఆగస్టు చివర, వానలు జోరుగా ఉండగానే: బ్రేకులు, లైట్లు, చైన్, వైర్లు చూసుకుంటే చాలు. మూడోది సార్వా (ఖరీఫ్ వరి) కోతలు, తుఫాన్ల రోజులు దాటాక, డిసెంబర్‌లో. అప్పటికి ఎయిర్ ఫిల్టర్ నిండా కళ్లాల దుమ్ము, ఊక ఉంటాయి. పేపరు రకం ఫిల్టరైతే, అందులోనూ నూనె పట్టించిన రకమైతే, గాలి కొట్టి మళ్లీ పెట్టకండి, మార్చేయండి. స్పాంజి రకమైతే కిరోసిన్‌లో కడిగి, పిండి, ఆరబెట్టి, కొంచెం ఇంజన్ ఆయిల్ పట్టించి పెట్టుకోవచ్చు.

ఒక నోట్‌బుక్ కొనండి. తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చారు, ఏ కంపెనీ సామాను, ఎంతయింది. ఫోన్‌లో రాస్తే ఫోన్ మారినప్పుడు పోతుంది, పుస్తకం సీటు కింద పాలిథిన్ కవర్లో ఉంటే మెకానిక్ కూడా చూస్తాడు. ఏడెనిమిదేళ్ల తర్వాత ఈ పుస్తకం విలువ తెలుస్తుంది: క్లచ్ ఎన్నాళ్లకి పోతోంది, ఏ కంపెనీ కేబుల్ త్వరగా తెగుతోంది, ఎవరి చేతి పని నిలుస్తోంది అన్నీ అందులోనే కనపడతాయి.

2. ఆయిల్, టాపెట్లు, బోరు

రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపల పట్టిన తేమ ఆవిరై బయటికి పోదు, ఆయిల్లోనే కలుస్తుంది. ఆయిల్ మూత విప్పితే లోపల పాల కాఫీ రంగు నురగ కనిపించేది ఇందుకే. కాబట్టి రెండున్నర మూడు వేల కిలోమీటర్లకి, లేదా ఆరు నెలలకి, ఏది ముందొస్తే అప్పుడు ఆయిల్ మార్చండి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. మన బండ్లలో క్లచ్ ఆయిల్లోనే మునిగి ఉంటుంది, కారు ఆయిల్ పోస్తే అది జారడం మొదలవుతుంది. వారానికి ఒక్కసారైనా బండిని ఓ ఇరవై కిలోమీటర్లు ఆపకుండా తోలండి. ఇంజనూ, దానితో పాటు సైలెన్సరూ లోపలి నుంచి ఆరతాయి. సైలెన్సర్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, నీళ్లు కారడానికి పెట్టింది, బురదతో మూసుకుపోకుండా చూడండి.

టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి గ్యాప్, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సెట్ చేయించాలి. పొద్దున్నే మెకానిక్ దగ్గర బండి వదిలేసి రావడం మంచిది. చప్పుడు అస్సలు రాకుండా బిగించమని అడిగేవాళ్లున్నారు, అది వద్దు. గ్యాప్ లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. కొద్దిగా టకటక వినపడటం ఆరోగ్యమే.

పొగ చూసి ఇంజన్ విప్పేయకండి. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి కాసేపటికి ఆగిపోతే సాధారణంగా వాల్వు ఆయిల్ సీళ్లు, అది చిన్న పని. బరువుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా పొగ వస్తుంటే రింగులు, బోరు చూడాలి. బోరు చేయించాల్సి వస్తే, అంటే అరిగిన సిలిండరుని కొంచెం పెద్దది చేసి పెద్ద పిస్టన్ వేయించాల్సి వస్తే, ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్లు అంటూ మెట్లుగా వస్తాయి. 0.25తో సరిపోయేదాన్ని, దుకాణంలో ఆ పిస్టన్ లేదని, నేరుగా 0.75కి కొట్టించారంటే ఆ బండి ఆయుష్షులో రెండు మెట్లు అక్కడే ఖర్చయిపోయినట్టు. రాజమండ్రి నుంచో విజయవాడ నుంచో తెప్పించడానికి నాలుగు రోజులు పట్టినా ఆగండి. లేత్ షాపుకి పిస్టన్ ముందు ఇచ్చి, దాన్ని కొలిచి బోరు కొట్టమనండి.

3. ఉప్పు ఎక్కడెక్కడి నుంచి వస్తోందో కనిపెట్టండి

అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవాళ్లకి గాలే ఉప్పు. మిగతావాళ్లు మాకేంటి అనుకుంటారు గానీ ఉప్పు ఇంకా చాలా దారుల్లో వస్తుంది. రొయ్యల ట్రే బండి వెనక కట్టుకుని వెళ్తే కారే ఐసు నీళ్లు నేరుగా వెనక రిమ్ము మీద, చైన్ మీద పడతాయి. నరసాపురం నుంచి సఖినేటిపల్లి పంటు (మనుషుల్నీ బండ్లనీ నది దాటించే పడవ) ఎక్కేటప్పుడు, సముద్రం పోటు మీద ఉంటే రేవులో నీళ్లు ఉప్పగానే ఉంటాయి, దిగేచోట చక్రాలు తడుస్తాయి. అన్నిటికంటే ఎవరికీ తట్టనిది ఎరువుల బస్తాలు. పొటాష్ అంటే క్లోరైడే, ఇనుముకి ఉప్పు ఎంతో అదీ అంతే. యూరియా, పొటాష్ బస్తాలున్న కొట్టులో బండి పెట్టకండి, పశువుల పాకలో అసలే పెట్టకండి.

ఉప్పు తగిలిన రోజే మంచినీళ్లతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్ను చక్రాల హబ్బుల మీద, హ్యాండిల్ కింద కోన్ సెట్ మీద, స్విచ్‌ల మీద, సైలెన్సర్ మూతి మీద కొట్టనివ్వకండి, లోపలి గ్రీజు కొట్టుకుపోయి నీళ్లు నిలబడతాయి. బకెట్టు, మగ్గు, పాత గుడ్డ చాలు. కడిగాక ఓ ఐదు కిలోమీటర్లు తోలి, బ్రేకులు నాలుగుసార్లు నొక్కి అప్పుడు స్టాండు వేయండి. కడిగాక డీజిల్ కొట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది, ఇనుము మీద తప్ప రబ్బరు, టైరు, బ్రేకుల దగ్గర అది పడకూడదు. రిమ్ములకీ పుల్లలకీ ముందు షాకబ్జార్ల ఫోర్కు రాడ్లకీ నెలకోసారి గుడ్డతో పల్చగా ఆయిల్ తుడవండి. ఫోర్కు రాడ్డు మీద ఒక్క తుప్పు చుక్క లేస్తే చాలు, అది సీలుని కోసేస్తుంది, ఆ తర్వాత ఎన్ని సీళ్లు మార్చినా ఆయిల్ కారుతూనే ఉంటుంది.

ఇంకోమాట. బండిని కాలవ రేవులో కడగకండి. ఆ నీళ్లే మన మంచినీళ్ల చెరువులోకి వెళ్తాయి. తీసేసిన ఆయిల్ గట్టు మీద పారబోయకుండా మెకానిక్ దగ్గర డ్రమ్ములో పోయించండి.

4. చైన్, బేరింగులు, బ్రేకులు, టైర్లు

చైన్ ఐదొందల కిలోమీటర్లకోసారి, వానాకాలమైతే తడిసిన ప్రతిసారీ శుభ్రం చేసి గేర్ ఆయిల్ 90 పెట్టండి. పొడవాటి కవరున్న బండ్లలో లోపల ఒండ్రు మట్టి పేరుకుని ఉంటుంది, కవరు విప్పి చూస్తే గానీ తెలియదు. చైన్ మధ్యలో రెండున్నర మూడు సెంటీమీటర్లు ఆడాలి, మీ బండి పుస్తకంలో అంకె వేరేగా ఉంటే అదే పాటించండి. చైన్, రెండు స్ప్రాకెట్లు (పళ్ల చక్రాలు) కలిపే మార్చండి. కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన గడ్డి మీదుగా వెళ్తే వెనక ఇరుసుకి చుట్టుకుంటుంది, అది సీలుని తొలిచేసి లోపలి బేరింగుని పాడు చేస్తుంది. ఇంటికొచ్చాక ఓసారి వంగి చూసి లాగేయండి. బేరింగు మార్చేటప్పుడు రెండు వైపులా రబ్బరు సీలున్నది అడగండి, నంబరు చివర 2ఆర్‌ఎస్ అని ఉంటుంది.

డిస్క్ బ్రేకు ఉంటే దాని ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. బటన్లు ఎంత బాగున్నా ఆరేళ్లు దాటితే తడి రోడ్డు మీద పట్టు ఉండదు, మార్చేయండి.

కొబ్బరికాయల బస్తాలు, అరటి గెలలు, పాల క్యాన్లు వేసే బండైతే వెనక షాకబ్జార్ల పైబోల్టుల దగ్గర, క్యారియర్ బిగించిన చోట పగుళ్లు ఉన్నాయేమో ప్రతి వేసవిలో టార్చి వేసి చూడండి. వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీ వైరు తీయించండి, ఇంజెక్షన్ బండైతే (కార్బొరేటర్ లేనిది) ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, కనెక్టరు కూడా.

5. కరెంటు పని

పాత బండి దారిలో ఆగిపోతే చాలాసార్లు దోషం వైర్లలోనే ఉంటుంది. ఏడాదికోసారి హెడ్‌లైట్ లోపలి జాయింట్లు, సీటు కింద ఎర్తు వైరు, రెక్టిఫైయర్ (బ్యాటరీ చార్జింగుని అదుపులో ఉంచేది) ప్లగ్గు విప్పి, పచ్చటి పొడిని బ్రష్‌తో దులిపి, పల్చగా వ్యాసెలీన్ రాసి మళ్లీ పెట్టండి. ఒక మల్టీమీటర్ కొనుక్కుంటే సగం టెన్షన్ పోతుంది. బండి ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజన్ కొంచెం రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. 15 దాటుతోందంటే రెక్టిఫైయర్ పోయింది, వెంటనే మార్చకపోతే బ్యాటరీ, బల్బులు వరసగా పోతాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే, వీటికి బ్యాటరీ చాలా ముఖ్యం. పాత కార్బొరేటర్ బండిలా చచ్చిన బ్యాటరీతో కిక్కు కొట్టి లాక్కురావచ్చని నమ్ముకోకండి.

6. పెట్రోలు

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది, మోతాదు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకి విడిపోతాయి, ట్యాంకుకి తుప్పు అక్కడ మొదలవుతుంది. పాత బండ్ల రబ్బరు పైపులు, కార్బొరేటర్ ఓ-రింగులు, ఫ్లోట్ సీళ్లు మెత్తబడతాయి లేదా పగుళ్లు వస్తాయి. అందుకని పదేళ్లు దాటిన బండికి పెట్రోలు పైపు, కాక్ వాషర్లు ముందుగానే కొత్తవి వేయించండి, సీసా పెట్రోలు కాకుండా బాగా అమ్ముడయ్యే బంకులో పోయించండి, వానాకాలం ట్యాంకు సగానికి తగ్గకుండా ఉంచండి. ఖాళీ ఎక్కువైతే లోపల చెమ్మ పడుతుంది. మూత రబ్బరు గట్టిపడితే వాన నీళ్లు తాళం రంధ్రం పక్కనుంచే దిగుతాయి, దాని ఖరీదు ట్యాంకుతో పోలిస్తే ఏపాటి?

7. వరద వస్తే

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక గ్రామాలవాళ్లు మొదటి హెచ్చరికకే బండిని ఏటిగట్టు దాటించి చుట్టాలింట్లో పెట్టేయాలి. కాజ్‌వేలు మునిగాక పడవ మీద మనిషి వస్తాడు గానీ బండి రావడం కష్టం. 2022 జులైలో ఎన్ని బండ్లు అరుగుల మీదే మునిగాయో లంకలవాళ్లనడగండి.

మునిగిపోయిన బండికి మొదటి సూత్రం: తాళం తిప్పకండి, కిక్కు కొట్టకండి, సెల్ఫ్ అసలే నొక్కకండి. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, వైర్లలో నీళ్లుంటే ఈసీయూ కాలిపోతుంది. ముందు ఫొటోలు తీయండి, ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేయండి, వాళ్లు విప్పమన్న తర్వాతే విప్పండి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఉంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండికి ఐదేళ్ల ఇన్సూరెన్స్ తప్పనిసరి అయింది గానీ ఆ ఐదేళ్లు థర్డ్ పార్టీకే, అంటే ఎదుటివాళ్లకి జరిగే నష్టానికే. సొంత బండి నష్టానికి పాలసీ మామూలుగా మొదటి ఏడాదే ఉంటుంది, రెండో ఏడాది నుంచి విడిగా కట్టుకోవాలి. వరద నష్టం వచ్చేది ఆ రెండో పాలసీలోనే. ఏటిగట్టుకి లోపల ఇల్లున్నవాళ్లు అది మానకండి.

క్లెయిమ్ లేకపోతే వరస ఇది. బ్యాటరీ వైర్లు తీయండి. బురద ఎండకముందే మంచినీళ్లతో మెల్లగా కడగండి, ఎండితే సిమెంటులా పట్టేస్తుంది. ఆయిల్, ట్యాంకులో పెట్రోలు, కార్బొరేటర్ అడుగు గిన్నెలో ఉన్నది అన్నీ దింపేయండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పి ఆరబెట్టండి. ప్లగ్గు తీసి కిక్కు రాడ్డుని చేత్తో మెల్లగా నొక్కండి, నీళ్లు చిమ్ముతాయి, చిమ్మడం ఆగేదాకా చేయండి. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ తిప్పండి. చౌక ఆయిల్ నింపి, వైర్లు పూర్తిగా ఆరాక స్టార్ట్ చేసి ఐదారు నిమిషాలు నడిపి ఆ ఆయిల్ తీసేయండి. తీసినది కాఫీ రంగులో ఉంటే మళ్లీ ఒకసారి, రంగు మారేదాకా. అప్పుడు మంచి ఆయిల్. చక్రాల బేరింగులు, కోన్ సెట్, బ్రేకులు, స్పీడోమీటర్ కేబులు ఆ వారంలోనే విప్పించాలి, నడుస్తోంది కదా అని వదిలేస్తే మూడు నెలలకి ఒక్కొక్కటీ పట్టేస్తాయి.

8. గల్ఫ్ వెళ్లేటప్పుడు

కోనసీమలో సగం బండ్ల కథ ఇదే, మనిషి కువైట్‌లో, బండి అరుగు మీద. ఇంట్లో తోలేవాళ్లుంటే వారానికి ఇరవై కిలోమీటర్లు తోలమనండి, ఊరికే ఇంటి ముందు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం వల్ల లోపల చెమ్మ పెరగడం తప్ప లాభం లేదు. ఎవరూ లేకపోతే కొత్త ఆయిల్ పోయించి, కార్బొరేటర్ ఖాళీ చేయించండి. రెండు మూడు నెలలైతే ట్యాంకు నిండా ఉంచొచ్చు, ఏళ్లైతే పూర్తిగా దింపి లోపల గ్లాసుడు ఇంజన్ ఆయిల్ పోసి ట్యాంకు అటూ ఇటూ తిప్పి పట్టించండి. బ్యాటరీ తీసేయండి, మెయిన్ స్టాండు వేయండి, సైలెన్సర్ మూతికి కవరు కట్టండి. పాలిథిన్ పట్టా కప్పితే లోపల ఉక్కపోసి తుప్పు పడుతుంది, పాత దుప్పటి నయం. గడ్డిమేటు దగ్గర పెడితే ఎలకలు వైర్లు కొరుకుతాయి.

9. మనుషుల్ని కూడబెట్టుకోండి

పదేళ్లు దాటాక షోరూము మీ బండిని పట్టించుకోదు, సామాను లేదంటుంది. అప్పట్నుంచి బండిని నడిపేది మెకానిక్కూ, అదే మోడల్ నడిపే మిగతావాళ్లూ. మెకానిక్‌ని తరచూ మార్చకండి. మీ బండి శబ్దం తెలిసినవాడు ఒకడుండాలి. బేరం కూలి దగ్గర ఆడొద్దు, సామాను మీరే మంచిది తెచ్చి ఇవ్వండి, తీసేసిన పాతది చూపించమని అడగండి. పని జరుగుతున్నప్పుడు పక్కన కూర్చుని చూడండి, “ఇది ఎందుకు పోయింది బాబాయ్?” అని అడిగితే చాలామంది సంతోషంగా చెప్తారు.

ప్రతి సెంటర్లోనూ సాయంత్రం టీ దగ్గర ఆరెక్స్ బ్యాచ్, బుల్లెట్ బ్యాచ్ అని ఉంటాయి. స్ప్లెండర్‌కి బ్యాచ్ ఉండదు, ఎందుకంటే అందరిదీ అదే, కానీ కావాలంటే ఏర్పడుతుంది. ఐదారుగురు చాలు. మొదట చేయాల్సింది టూర్ కాదు, పనిముట్లు. బేరింగ్ పుల్లరు, టాపెట్ గేజి, మల్టీమీటర్, బ్యాటరీ చార్జరు ఒక్కొక్కరు ఒక్కోటి కొంటే అందరికీ అన్నీ ఉన్నట్టే. కాలవలు కట్టేసిన రోజుల్లో ఒక ఆదివారం ఎవరింటి కొబ్బరితోటలోనో అందరూ బండ్లు విప్పుకుని కూర్చోండి, మెకానిక్‌ని కూడా పిలిచి ఆ రోజు కూలి ఇవ్వండి. కుర్రాళ్లకి ప్లగ్గు మార్చడం, చైన్ బిగించడం, క్లచ్ కేబులు వేయడం నేర్పండి. ఎవరి దగ్గర ఏ స్పేరు ఉందో ఒకరు రాసి పెట్టండి. ఎవరైనా పాత బండి తుక్కుకి అమ్ముతుంటే కలిసి కొని, హెడ్డు, క్రాంకు, క్యారియర్ లాంటివి దాచుకోండి, కాకపోతే ఆర్సీ చూసి, రసీదు రాయించుకుని, రిజిస్ట్రేషన్ రద్దు చేయించాకే విప్పండి.

టూర్ తర్వాత ఎలాగూ వస్తుంది. మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే బండిలో ఏం లోపముందో బయటపడిపోతుంది, అందుకే పెద్ద సర్వీసు అయ్యాక అక్కడికి వెళ్లి రావడం మంచి పరీక్ష. చలికాలం పొద్దున్నే కాలవ గట్ల మీద మంచు దట్టంగా ఉంటుంది, వెలుగొచ్చాకే బయల్దేరండి. ఆరబోసిన ధాన్యం మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది, ముందే స్లో చేయండి, అది ఒకరి ఏడాది కష్టం కూడా. సైలెన్సర్లు మార్చి ఊళ్లు అదరగొట్టే బ్యాచ్‌కి ఆపదలో ఎవరూ తలుపు తీయరు.

10. కాగితాలు

ఆర్సీ 15 ఏళ్లకి అయిపోతుంది. గడువుకి రెండు నెలల ముందు నుంచే ఫారం 25తో రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు, ఇన్‌స్పెక్టర్ బండి చూస్తారు, పాసైతే ఐదేళ్లు ఇస్తారు, అలా ప్రతి ఐదేళ్లకీ. లైట్లు, హారను, ఇండికేటర్లు పని చేయాలి, ఛాసిస్ నంబరు కనపడాలి. ఆ నంబరు చెక్కిన చోట తుప్పు పట్టి చదవలేని స్థితికి వస్తే చాలా తిప్పలు, అందుకని ఏటా వేసవిలో అక్కడ పల్చగా గ్రీజు రాయండి, రంగు మాత్రం కొట్టకండి. ఫీజులు ఈమధ్య బాగా పెరిగాయి, వెళ్లే ముందు రవాణా శాఖవాళ్ల పరివాహన్ సైటులో చూసుకోండి.

చివరగా, నాన్నగారి పేరు మీద ఉన్న బండ్లు. ఆయన పోయాక ఏళ్ల తరబడి అలాగే తోలుతుంటారు, రెన్యువల్ దగ్గరో ప్రమాదం జరిగినప్పుడో చిక్కు పడుతుంది. 30 రోజుల్లో ఆర్టీఏ ఆఫీసుకి తెలియజేయాలి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరు మీదకి మార్చుకోవాలి. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. ఇన్సూరెన్స్ కూడా అదే సమయంలో పేరు మార్పించండి, ఆర్సీ ఒక పేరు పాలసీ ఒక పేరు ఉంటే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. అన్నదమ్ములుంటే ఎవరి పేరు మీద పెట్టాలో ఇంట్లోనే మాట్లాడుకుని, మిగతావాళ్ల అంగీకార పత్రం రాయించుకుని వెళ్లండి, ఒక్క తిరుగుడుతో పని అవుతుంది.